జిగురు దుద్దులు

మనవరాలు ఇళ పుట్టినరోజని ప్రత్యూషమ్మ ఆ పిల్ల చెవులకు దుద్దులు జిగురుతో అంటిస్తోంది. సూదిపోటు చీము పట్టినా ప్రాణం మీదికొచ్చే రోజులవి. పిల్లలకు చెవులు కుట్టించడం అందరూ ఎప్పుడో మానేశారు.

“అమ్మమ్మా, నీ చెవులకు నిజం బెజ్జాలే! చీము పట్టలేదా?”

“పట్టకేం? బిళ్ళ వేసుకుంటే మానిపోయింది.”

“మరి నేను పుట్టినప్పుడు అమ్మకెందుకు వెయ్యలేదు ఆ బిళ్ళ?”

అప్పుడే అంటించిన దుద్దు ఊడి ప్రత్యూషమ్మ చేతిలోకొచ్చింది. కూతురిని పొట్టనపెట్టుకున్న ఆ పురిటి జ్వరానికి ఆస్పత్రివాళ్ళు ఉన్న మందులన్నీ వాడారు, ఒక్కటీ పనిచెయ్యలేదు. కూతురి చిన్నప్పుడు ముక్కు కారితే చాలు, మందులషాపు నుంచి ఆ యాంటీబయాటిక్ బిళ్ళలే తెచ్చి మింగించేది తను. ఒళ్ళు చల్లబడగానే మిగిలినవి మానిపించేది. ఊరంతా అంతే.

“వేశానమ్మా,” అంది, ఊడిన దుద్దును మళ్ళీ అదుముతూ. “అక్కర్లేనప్పుడల్లా వేశాను.”