తూటా గీసిన గీత

"టీచరమ్మా, మీతో ఒంటరిగా ఒక్క మాట చెప్పాలి."

గేటు తీయబోతున్న లెక్కల టీచర్ ఉలిక్కిపడింది. ఎదురుగా మాసిన గడ్డంతో ఓ పాతికేళ్ళవాడు.

"ఎవరు నువ్వు?"

అతను ఆమె వెనక నిలబడ్డ గన్‌మన్ వైపు చూశాడు.

"ఏదైనా ఉంటే ఆయన ముందే చెప్పు," అందామె.

అతను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"నడవరా! మళ్ళీ ఈ చుట్టుపక్కల కనిపించావో, కాళ్ళు విరగ్గొడతా," అన్నాడు గన్‌మన్.

ఓ హత్యను కళ్ళారా చూసిన సాక్షి ఆమె ఒక్కతే. కోర్టులో నోరు విప్పేదాకా ఆమె ప్రాణానికి కాపలాగా పోలీసులు ఆ గన్‌మన్‌ని వేశారు.

మర్నాడు సాయంత్రం ఆమె ముందుగదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుని, తల వంచుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. తలెత్తేలోగా ఎవరో మీద పడి ఆమెను కుర్చీలోంచి నేలమీదికి ఈడ్చేశారు.

తుపాకి రెండుసార్లు పేలింది.

కళ్ళు తెరిచేసరికి ఆమె మీద గడ్డం మనిషి. ప్రాణం లేదు.

"నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను సార్," ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాడు గన్‌మన్. "వీడు పిచ్చిపట్టినట్టు దూసుకొచ్చాడు. మొదటి తూటా గురితప్పి తలుపు పక్కన పుస్తకాల బీరువాకి తగిలింది. మేడమ్ మీద పడేసరికి రెండోది పేల్చాను."

చచ్చినవాడెవరో తెలిశాక ఇన్‌స్పెక్టర్‌కి ఇంకే అనుమానమూ మిగల్లేదు.

టీచర్ సాక్ష్యం చెప్పాల్సిన ఆ హంతకుడి సొంత తమ్ముడు!

స్టేషన్ బయట అతని తల్లి టీచర్ చేతులు పట్టుకుంది.

"ఒక కొడుకు హంతకుడైతే రెండోవాడూ అదే అవ్వాలా తల్లీ? వాడి దగ్గర కత్తీ లేదు, కర్రా లేదు!"

"వేపచెట్టుకి మామిడికాయలు కాస్తాయా? పదండి టీచర్‌గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టీచర్ చేతులు విడిపించుకుంది. అతను తనను చంపడానికే వచ్చాడని వాంగ్మూలం ఇచ్చి సంతకం పెట్టింది. పైగా, ఆ గన్‌మన్‌నే కాపలాకి ఉంచమని బతిమాలుకుంది.

కోర్టుకి వెళ్ళాల్సిన ముందురోజు, బీరువా చెక్కకి పడ్డ కన్నం పూడుద్దామని కూర్చుంది. లోతు చూడ్డానికి స్వెట్టర్ అల్లే సూది దూర్చింది.

సూది తిన్నగా నిలవలేదు. ఓ పక్కకి ఒరిగింది.

వంటింటి గుమ్మం బీరువాకి సరిగ్గా ఎదురుగా ఉంది. అక్కణ్ణుంచి వచ్చిన తూటా ఇలా ఏటవాలుగా ఎలా దిగింది?

లెక్కల బుర్ర ఊరుకుంటుందా! నేలంతా చదరపు టైల్స్. గది మూలను సున్నా అనుకుంది. కన్నం ఉన్న చోటు (1, 2). సూది వాలు చూస్తే, రెండు గడులు ముందుకి పోతే ఒక గడి పక్కకి. అంటే సగం.

ఒక బిందువు, ఒక వాలు. ఆ రెండూ తెలిస్తే గీత ఒక్కటేనని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పిందో.

సుద్దముక్కతో నేలమీదే రాసింది.

y − 2 = ½ (x − 1)

సర్దితే, x − 2y + 3 = 0.

వంటింటి గుమ్మం (9, 2). 9 − 4 + 3. ఎనిమిది. సున్నా రావాలి కదా!

తప్పు చేశానేమోనని మళ్ళీ వేసింది. మళ్ళీ ఎనిమిదే.

వెనక కిటికీ (9, 6). 9 − 12 + 3.

సున్నా.

కిటికీకీ బీరువాకీ మధ్య ఉన్నది తన కుర్చీ ఒక్కటే. (5, 4).

5 − 8 + 3.

సున్నా.

కన్నం వైపు చూసింది. సరిగ్గా కూర్చున్న మనిషి తల ఎత్తులో ఉంది.

ఒంటరిగా ఒక్క మాట, అన్నాడతను. గన్‌మన్‌ని చూసి నోరు మూసుకున్నాడు.

"ఏంటి మేడమ్, నేలమీద లెక్కలు?"

వెనక కిటికీలోంచి గన్‌మన్ గొంతు.

"రేపటి పాఠం," అంది, కాలితో చెరిపేస్తూ.

"రేపు కోర్టు కదా మేడమ్. పాఠం ఎక్కడిది?"

ఆమె వీధి తలుపు వైపు చూసింది.

ఆ తలుపు తోసుకుని వచ్చి తనను ఈ గీత మీదనుంచి లాగేసిన ఒకే ఒక్క మనిషిని, హంతకుడని తనే సంతకం పెట్టి సాగనంపింది.