గాలి కబురు

"చెప్పులు ఇలా అందించు ఆయమ్మా," అంది స్వప్న.

గదిలోకి తొంగిచూసిన నీలం చీర మనిషి వంగలేదు. చెప్పుల జతను కాలితోనే మంచం దగ్గరికి నెట్టింది.

ఇంత బద్ధకమా అనుకుంది స్వప్న.

గచ్చిబౌలిలోని ఆ ఆసుపత్రిలో ఆమె గర్భసంచి గడ్డలు తీసి ఒక రోజయింది. గాలి పోతేనే తిండి, తిన్నాకే ఇల్లు అంది డాక్టరు.

"గాలి పోయిందా బిడ్డా?"

"ఏసీ ఆన్‌లోనే ఉందిగా."

"గా గాలి గాదు. కిందికెల్లి పోయేది."

ఆఫీసులో ముప్పై మందిని నడిపించే స్వప్న గొంతు తగ్గిపోయింది. "ఇంకా లేదండి."

"అయితే లెవ్వు. నడువు."

"కడుపు కంటే భుజం ఎక్కువ లాగుతోంది. గుండెకేమైనా వచ్చిందేమో అని భయంగా ఉంది. రేపు సాయంత్రం మా పాప పుట్టినరోజు కూడాను."

"గుండె గాదు, ఏం గాదు. కడుపుల గ్యాసు నింపే గద ఆపరేషన్ చేసేది. గదే భుజం దాక ఎక్కుతది. నడిస్తే దిగుతది. డాక్టరమ్మనే చెప్పింది."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"మరీ ఇంత నెమ్మదా ఆయమ్మా?"

"జర ఆగు. ఆఫీసు బస్సేమన్న పోతుందా?"

స్వప్న నవ్వబోయి కుట్లు పట్టుకుంది. ఆమె అవస్థ చూసి ఆ మనిషీ నవ్వింది, తన పొట్ట పట్టుకుని.

"నవ్వియ్యకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

నాలుగో చుట్టులో, లిఫ్టు దగ్గర, చిన్న చప్పుడయింది.

ఇద్దరూ ఆగారు.

"నువ్వా, నేనా?"

"నేనే," అంది స్వప్న, ప్రమోషన్ వచ్చినంత గర్వంగా.

"ఇగ పో. పాపతోని కేకు కోపియ్యి."

మర్నాడు రెండు ఇడ్లీలు తిన్నాక స్వప్నకు ఇంటికి వెళ్లమని చీటీ వచ్చింది. భుజం నొప్పి సగానికి సగం దిగింది. భర్త తెచ్చిన స్వీట్ల డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని నర్సు భవానిని పిలిచింది.

"మీ ఆయమ్మకు ఇవ్వాలి. నీలం చీర. కాస్త బద్ధకమే కానీ, మంచి మనిషి."

"నీలం చీరా? సత్తెమ్మగారా? పొద్దున్నే వెళ్లిపోయారే."

"డ్యూటీ అయిపోయిందా?"

"డ్యూటీ ఏంది మేడం, మొన్న మీకంటే ముందు ఆపరేషన్ అయింది ఆమెకే, ఒక్కదాన్ని నడవాలంటే భయమైతుంది, ఎవరినన్న తోడు చూపియ్యమంటే మీ గది నేనే చూపిచ్చిన."