ఇద్దరు కూర్చునే కంప్యూటర్

బెల్లు మూడోసారి మోగింది.

స్నిగ్ధ విసుగ్గా దుప్పటి తోసేసి లేచింది. ఉద్యోగం ఊడినప్పటి నుంచీ తలుపు తీయడం మానేసిందామె. మాంద్యం పేరు చెప్పి ఆ ఏడాది కంపెనీ వదిలించుకున్న వాళ్లలో తనూ ఒకతె. భర్త సాయినాథ్ పొద్దున్నే గుర్‌గావ్ వెళితే మళ్లీ ఢిల్లీ పక్కనున్న వైశాలిలోని ఇల్లు చేరేది చీకటి పడ్డాకే.

గుమ్మంలో మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన.

"కింది ఫ్లాట్లో కొత్తగా దిగానమ్మా. భీమశంకరం అంటారు. మీ ఇంట్లో కంప్యూటర్ ఉందట?"

"ఉంది. అయితే?"

"నాకు నేర్పుతావా?"

"మార్కెట్లో సెంటర్లున్నాయి కదా అంకుల్."

"అక్కడి పిల్లలు నవ్వుతారు. నువ్వు నవ్వేలా లేవు."

ఆ మాటకే ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

మర్నాటి నుంచి పదకొండయ్యేసరికి ఆయన హాజరు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బల్లను ఆక్రమించిన డెస్క్‌టాప్ ముందు రెండు కుర్చీలు పడ్డాయి.

అంత మొద్దు విద్యార్థిని స్నిగ్ధ ఎక్కడా చూడలేదు.

"నిన్నటి ఫైలు సేవ్ చేశారా అంకుల్?"

"చేశాను టీచరమ్మా."

"ఎక్కడ?"

"అది మాత్రం అడక్కు."

చెప్పిందే చెప్పేది. ఒక్కోసారి ఆయనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని వంట చేస్తూ ఆలోచించేది. పెందలాడే లేవడం, తల దువ్వుకోవడం, కర్టెన్లు తీయడం ఎప్పుడు మొదలెట్టిందో ఆమెకే తెలీదు.

ఓసారి మెషీన్ బిగుసుకుపోయింది. స్నిగ్ధ తంటాలు పడుతుంటే ఆయన ఏవో రెండు మీటలు నొక్కాడు. అది లేచి కూర్చుంది.

"ఏం నొక్కారు?"

"నాకేం తెలుసు? చేతి చలవ!"

చలికాలం సగంలో ఉండగా సాయినాథ్ ఒక బుల్లి లాప్‌టాప్ తెచ్చాడు. పలక లాగా పల్చగా ఉంది. ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు.

"రెండు వారాలు దీని మీదే పని చేసి చూడు. మనకిదొక్కటే చాలనుకుంటే ఆ డబ్బా అమ్మేద్దాం. బల్ల మీద భోంచేసి ఎన్నాళ్లయిందో!"

అసలు సంగతి వేరు. నోయిడా నుంచి స్నిగ్ధకు ఒక పిలుపొచ్చింది. ఆఫీసులకు తిరిగి ఉద్యోగులకు సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పాలి. లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆమె ఇంకా ఏ జవాబూ ఇవ్వలేదు. నలుగురి ముందు నిలబడాలంటేనే భయం.

మర్నాడు భీమశంకరం ఆ బుల్లిదాన్ని చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇందులో సిడి ఎక్కడ దూర్చాలి?"

"పెన్ డ్రైవ్ ఉందిగా అంకుల్."

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి."

"పెద్దవి చేసుకోవచ్చు."

"మీ పెళ్లి ఫొటోలన్నీ పడతాయా?"

"పట్టకపోతే విడిగా డిస్కు కొంటాం."

"ఇద్దరం చూడాలంటే తలలు ఢీకొంటాయి. ఇది ఒక్కరి కంప్యూటరమ్మా. పెద్దదాన్ని అమ్మకు."

వారం రోజులు ఇదే రభస. రోజుకో వంక.

ఆ శనివారం పాఠం మధ్యలో కరెంటు పోయింది. యుపిఎస్ కీచుమని అరిచి అరిచి ఊరుకుంది. డెస్క్‌టాప్ చీకటైపోయింది. బుల్లిది మాత్రం వెలుగుతూనే ఉంది.

"చూశారా!" అంది స్నిగ్ధ గర్వంగా.

"చూశాను. ఇక దుప్పట్లో దూరి కూడా వాడుకోవచ్చు. మంచం దిగే పనే లేదు."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"మీ పాఠం ఆగిపోతుందని కదూ మీ బాధ? మీకోసం నేనెన్నాళ్లు ఇంట్లో కూర్చోవాలి?"

ఆయనకు కోపం రాలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"కూర్చోకపోతే ఎక్కడికెళ్తావ్?"

"ఉద్యోగానికి!"

తన నోట ఆ మాట విని స్నిగ్ధే ఉలిక్కిపడింది.

"రోజూనా?"

"రోజూ."

"దీన్ని భుజాన వేసుకుని?"

"అవును!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ! అయితే ఇదొక్కటి చాలు తల్లీ. పెద్దదాన్ని రేపే అమ్మేయ్."

చేతులు దులుపుకుని, మఫ్లర్ సర్దుకుని వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ అమ్మొద్దని, ఇప్పుడు రేపే అమ్మేయమంటాడు, ఏం చాదస్తమో అనుకుంది స్నిగ్ధ.

డెస్క్‌టాప్‌ను కొనుక్కున్న మునిర్కా కుర్రాళ్లు ఆటోలో వేసుకెళ్లారు. స్నిగ్ధ ఉద్యోగంలో చేరింది. క్లాసులో ఎవరు ఎంత తెలివితక్కువ ప్రశ్న వేసినా విసుక్కోలేదు. అందరూ ఆమె ఓపికను మెచ్చుకున్నారు. పొద్దున పరుగు, రాత్రికి ఇల్లు. కింది ఫ్లాట్ వైపు చూసే తీరికే చిక్కలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, కాజూ కత్లీ డబ్బా పట్టుకుని మెట్లు దిగింది.

తాళం.

ఎదురింటి లీలావతి ఆంటీ తలుపు తీసింది.

"శంకరంగారా? మొన్న శుక్రవారం ఖాళీ చేశారమ్మా. మైసూరు దగ్గర చెల్లెలి ఊరికి వెళ్లిపోయారు. నీకు చెబుదామని రెండుసార్లు పైకొచ్చారట, తాళం వేసుందట."

స్నిగ్ధ చేతిలోని డబ్బా వైపు చూసుకుంది.

"ఇంకా ఈ-మెయిల్ పాఠం చెప్పనే లేదు ఆంటీ. పాపం, ఆ ఊళ్లో ఎవరు నేర్పుతారో ఆయనకి!"

"ఏం నేర్పుతారు?"

"కంప్యూటర్."

లీలావతి ఆమెను వింతగా చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది.

"పైనున్న పిల్ల తలుపు తీయట్లేదు, తిండి తింటోందో లేదోనని ఆయన దగ్గర బాధపడింది నేనే. 'నేను చూసుకుంటాలెండి' అన్నారు. ఇదా ఆయన చూసుకున్న పద్ధతి?"

"అంటే?"

"మా అబ్బాయి అర్జున్ ఇంజనీరింగ్ చదివిన కాలేజీలో కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ పెట్టి, రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఆయనే తల్లీ!"