పద్నాలుగు టోపీలు

వ్యాను ఇంకా మొదటి మలుపు తిరగలేదు, కిటికీ సీటు కోసం మొగుడూ పెళ్ళాం అప్పుడే కొట్టుకుంటున్నారు.

"ఏసీ పనిచేస్తుందా, లేక ఊరికే చూపించుకోవడానికి పెట్టారా?" అన్నాడు ముందు సీట్లోని రిటైరయిన ఆఫీసరు.

"లాంచీ ఎప్పుడు?" అంది వెనక సీటు ముసలమ్మ. ఎక్కిన దగ్గర్నుంచి అది నాలుగోసారి.

"మూడు గుళ్ళు చూశాక అమ్మా. అఖాతంలో గంటసేపు షికారు," అన్నాడు గైడు, మొహం మీది నవ్వు జారిపోకుండా పట్టుకుని.

ఇరవై రెండేళ్ళుగా అతనిది ఇదే పని. రోజుకో పద్నాలుగు మంది. మొహాలు చూడటం ఎప్పుడో మానేశాడు. రేపు పలకరించని మొహాన్ని ఇవాళ గుర్తుపెట్టుకుని ఏం చేసుకోవాలి? ఎక్కగానే తలకో పసుపు టోపీ తగిలిస్తాడు. ఊళ్ళో టూరు కంపెనీలన్నీ టోకున కొనే చవక రకం. దిగిన చోటల్లా టోపీలు లెక్కపెడతాడు. అంతే.

పోయిన నెల ఆ లెక్కే తప్పింది. ఒకావిడను గుళ్ళోనే మరిచిపోయి వచ్చేశాడు. మేనేజరు అందర్నీ పిలిచి మరీ దులిపేశాడు. మేనేజరంటే యజమాని అల్లుడు. ఆ కుర్చీలో కూర్చుని ఆర్నెల్లు కాలేదు.

"ఇంకొక్క తల తగ్గినా, ఒక్క కంప్లయింటు వచ్చినా రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. డ్యూటీలో ఫోను చెవిన పెట్టావో, అదీ కంప్లయింటే."

ఈ వయసులో ఇంకో పని ఎవడిస్తాడు? గైడు ఆ రోజు నుంచి నిద్రలో కూడా టోపీలే లెక్కపెడుతున్నాడు.

మొదటి గుడి దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. ముందు అరడజను వ్యాన్లు, అన్నీ పద్నాలుగు సీట్లవే.

"ఇరవై నిమిషాల్లో తూర్పు గుమ్మం దగ్గరికి రావాలి. నా జెండా కనపడగానే వెనకే వచ్చెయ్యండి," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆఫీసరు వినలేదు. మొగుడూ పెళ్ళాం అసలే వినలేదు.

తీరా చెప్పుల దగ్గర ఆలస్యమై గైడే అయిదు నిమిషాలు లేటుగా గుమ్మం చేరాడు. ఇక తిట్లే అనుకుంటూ బిక్కుబిక్కుమంటూ జెండా ఎత్తాడు.

పసుపు టోపీలు బిలబిలమంటూ వచ్చి చుట్టూ మూగాయి.

"అమ్మయ్య! మీకోసమే చూస్తున్నాం గైడు గారూ," అందొకావిడ. అంతే. ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

లెక్కపెట్టాడు. పద్నాలుగు.

వ్యానులో కిటికీ సీటు కోసం ఎవరూ కొట్టుకోలేదు. ఏసీ ఊసెత్తలేదు. పైగా ఒకాయన తన సీటు పక్కావిడకిచ్చి తను చక్రం మీది సీట్లో సర్దుకున్నాడు.

డ్రైవరు అద్దంలోకి చూసి గొంతు తగ్గించాడు. "ఏం మందు పెట్టావన్నా వీళ్ళకి? పొద్దున మొహాలేనా ఇవి?"

"దర్శనమయ్యాక మనిషి కాస్త మెత్తబడతాడ్రా," అన్నాడు గైడు. దర్శనం ఇంత గట్టిగా పనిచేయడం మాత్రం ఇరవై రెండేళ్ళలో అతను చూడలేదు.

రెండో గుళ్ళో స్తంభాలు చూపిస్తూ, "ఇది కట్టడానికి పన్నెండేళ్ళు పట్టిందండీ. మా ఆవిడ వంటింట్లో గట్టు కట్టించమని అడిగి పదిహేనేళ్ళయింది, ఇంకా ఇటుక దిగలేదు," అన్నాడు.

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పొద్దున వ్యానులో చెప్పిన జోకే. అప్పుడు ఒక్క పెదవీ కదల్లేదు. ఇప్పుడు పొట్టలు పట్టుకుని నవ్వారు.

జేబులో ఫోను మోగింది. మేనేజరు.

'ఎత్తితే పట్టుకుందామనేగా, నాకు తెలీదా నీ ఎత్తులు,' అనుకుని నొక్కేశాడు. మూడో గుడి దాటేలోపు ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ నొక్కేశాడు.

మెట్లు దిగాక లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"ఇక లాంచీ ఎక్కుదాం," అన్నాడు.

"ఓరి నాయనో, లాంచీ కూడా ఉందా!" అన్నాడొక ముసలాయన, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. వేళాకోళం కాబోలనుకుని గైడూ నవ్వాడు. ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి ఎక్కించాడు. పద్నాలుగు.

లాంచీ కదిలింది. ఎండకి నీళ్ళు తళతళలాడుతున్నాయి. గాలికి టోపీలు ఎగిరిపోకుండా అందరూ నెత్తిన చేతులు పెట్టుకుని చిన్నపిల్లల్లా కేకలు వేస్తున్నారు. ఒడ్డున ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది.

అభిప్రాయాల పుస్తకం తీశాడు. మామూలుగా అయితే ఒక్క సంతకం కోసం గడ్డం పట్టుకుని బతిమాలాలి. ఇవాళ పెన్ను కోసం తోసుకున్నారు. ఒకాయన పేజీ చాలక అట్ట లోపలి వైపు కూడా రాశాడు.

"మా ఆయన ఇలా నవ్వగా చూసి మూడేళ్ళయింది. మీ చలవే గైడు గారూ," అందొకావిడ.

గైడు సముద్రం వైపు తిరిగి కళ్ళు నలుపుకున్నాడు. గాలి ఎక్కువగా ఉంది మరి.

లాంచీ ఒడ్డుకి తగిలింది. అందరూ దిగారు. పద్నాలుగు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఠీవిగా ఎత్తాడు.

"సార్, డ్యూటీ అయిపోయింది కాబట్టి ఎత్తాను. ఒక్క తల తగ్గలేదు. ఒక్క కంప్లయింటు లేదు. పద్నాలుగు మందీ మెచ్చుకుని పుస్తకంలో రాశారు. మరి రేపు పనిలోకి రావచ్చా?"



"ఏమయ్యా," అన్నాడు మేనేజరు, "పొద్దున నువ్వు తీసుకెళ్ళిన పద్నాలుగు మందీ మొదటి గుడి నుంచి నడిచొచ్చి ఇక్కడ నా ఎదురుగా కూర్చుని ఉంటే, నువ్వు లాంచీ ఎక్కించింది ఎవర్నయ్యా?"