అద్దం అవతలి చప్పట్లు

“ఇద్దరం దొరికింది ఒకే కారులో, ఒకే మత్తుమందుతో. నన్నేమో జైల్లో వేశారు. మా చెల్లి రోండాని మాత్రం జైలు బదులు మత్తు మాన్పించే చికిత్స కోర్టుకి పంపారు!” డార్లా భగ్గుమంది.

ఆ కోర్టు వల్ల నిజంగా లాభముందో లేదో తేల్చడానికి వచ్చిన పరిశోధకురాలు మెరెడిత్ రాసుకుంటూ అడిగింది. “మీరూ మానేశారు కదండీ?”

“ఎవరి సాయమూ లేకుండా మానేశాను! మా చెల్లి వారం రోజులు మందు ముట్టకపోతే చాలు, జడ్జిగారే చప్పట్లు కొట్టేవారట. కోర్టు కోర్టంతా కొట్టేదట. నాకెవరు కొట్టారు?”

“ఎవరూ కొట్టలేదా?”

“అదే కొట్టేది, దొంగమొహంది! కోర్టు నుంచి నేరుగా జైలుకొచ్చి, ‘ఈ వారం ముట్టుకోలేదు కదక్కా?’ అనేది. ‘లేదు’ అన్నానా, ములాఖత్ గది అద్దం అవతల లేచి నిలబడి ఒకటే చప్పట్లు. నన్ను ఉడికించడానికి!”

“మరి లోపల మీకు మందు దొరికేది కాదా?”

“దొరక్కేం? కానీ పై వారం అదొచ్చి అడుగుతుందిగా...”



మెరెడిత్ తను రాసుకున్నది చూస్తూ నెమ్మదిగా అంది. “‘ఎవరి సాయమూ లేకుండా’ అని రాశాను. ఉంచమంటారా?”

“తీసెయ్యండి” అంది డార్లా, కళ్లు తుడుచుకుంటూ. “దానికి మాత్రం చెప్పకండి.”