చేతిల చెప్పులు

"మళ్లా చెప్పులు చేతిల పట్టుకున్నవా, పోశవ్వా!"

చంద్రకళ కుర్చీల నుంచి లేచి, నాటకం కాగితాలను దానికేసి కొట్టింది. ఇది ఐదోసారి. రేపే సిరిసిల్లల నాటకం. బీర్పూర్‌ల నక్సలైటు అన్నలు ఇంటి దొరను చంపినంక గడీ విడిచిన చంద్రకళ, పోలీసులు పట్టుకపోయిన మొగడు మళ్లా రాక ఊరిడిచిన ఆ గడీ జీతగాని పెండ్లాం పోశవ్వ, భివండిల ఒక్క గది ఖోలీల పదేండ్లు అక్కాచెల్లెండ్ల తీర్గ బతికిన కథ. రాసింది చంద్రకళ, ఆడేది వాళ్లిద్దరే.

"పని కాంచి వచ్చి, నవ్వుకుంట లోపలికి రావాలె. గిది చెప్పులు చేతిల పట్టే గడీ కాదు, మన ఖోలీ. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నాకెర్కలేదా అక్కా? గడప కాడికి రాంగనే కాళ్లు ఆగుతున్నయి."

"ఖోలీల ఏనాడన్న ఆగినయా?"

"లేదు."

"మరి గీడేమొచ్చింది నీకు?"

చంద్రకళకు తల పలిగిపోతున్నది. పదేండ్లు ఒక్క కంచంల తిన్నా దీని భయం పోలేదు, ఇంక దీన్ని మార్చుడు నాతోని కాదనుకున్నది.

పోశవ్వ చెప్పులు కింద పెట్టింది.

"ఖోలీల నేనచ్చేసరికి నువ్వు కింద కూసొని బియ్యంల రాళ్లు ఏరుదువు. జరుగక్కా అని నీ పక్కపొంటి కూసుందును. గీడేమో నువ్వు కుర్చీల కూసుంటివి. నేను యాడ కూసోవాలె?"

చంద్రకళ కుర్చీ దిక్కు చూసింది. పొద్దున తనే అడిగి తెప్పించి, స్టేజీ నడుమ వేయించింది. ఒక్కటే.

భివండి ఖోలీల పదేండ్లూ వాళ్లకు కుర్చీయే లేకుండె.