ఏడో నంబరు గొయ్యి

తెలిసీ చెప్పకపోవడం అబద్ధమాడటంతో సమానమా, కాదా? దణ్ణం పెట్టుకోనిదే ఇల్లు కదలని మేస్త్రిని ముప్పై ఏళ్లుగా ఈ అనుమానం తొలిచేస్తోంది. దేవుణ్ణే అడిగాడు. ఆయనా చెప్పలేదు.

“మేస్త్రి బాబాయ్, ఇంకో జానెడు దింపుదామా?” ఏడో నంబరు గోతిలోంచి అమ్మాయి కేకేసింది. శిక్షణకు వచ్చి మూడు నెలలైంది. జుట్టు నిండా మట్టి. ఈ గోతిలో ఏదో ఒకటి తేల్చి నివేదిక ఇస్తేనే పురావస్తు శాఖలో ఉద్యోగం. గడువు రేపటితో సరి.

“దింపుదాం గానీ అమ్మాయిగారూ, ఆ పాత నివేదికలు ఒక్కసారి తిరగేస్తే...”

“మళ్లీ మొదలెట్టావా! చరిత్ర బట్టీ పట్టడానికైతే ఇంత ఎండలో నాకేం పని? అంతా మట్టే చెబుతుందిలే.”

“ఏముందో మట్టి చెబుతుందమ్మా. ఎవరి పనో, ఎందుకు చేశారో కాగితమే చెప్పాలి.”

“బడికెళ్లింది అయిదేళ్లు, పాఠాలేమో ప్రొఫెసర్‌వి!” ఆమె పకపకా నవ్వింది.

గట్టు మీద గొడుగు నీడలో నిలబడ్డ డైరెక్టర్ కూడా నవ్వాడు. రోజూ వస్తాడు. తన ఫ్లాస్కులోంచి ఆమెకు టీ పోస్తాడు, ఒకప్పుడు ఇదే శాఖలో పెద్ద హోదాలో పనిచేసిన వాళ్ల నాన్నకి ఒంట్లో ఎలా ఉందో అడుగుతాడు. మిగతా గోతుల వైపు తొంగి కూడా చూడడు.

“నువ్వు కానీ తల్లీ. కాగితాల్లో పడితే కళ్లు పోతాయి. చేయి తిరగాలి, అదే చదువు.”

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. డైరెక్టర్ అతని వైపు చూశాడు. మేస్త్రి పదవీ విరమణకు ఇంకా రెండు నెలలుంది. తట్ట ఎత్తుకున్నాడు.

మట్టి గుల్లగా, తేలిగ్గా వస్తోంది. పైన ఉండాల్సిన కుండపెంకులూ కింద ఉండాల్సిన పెంకులూ కలగాపులగంగా ఉన్నాయి. అలా ఎందుకున్నాయో ఆమెకు తట్టలేదు. మధ్యాహ్నానికి గట్టినేల తగిలింది. దాని మీద మూత బిగించిన గాజు సీసా, లోపల మడిచిన కాగితం.

మూత తీసి, కాగితం విప్పి, పైకే చదివింది.

“ఈ గొయ్యి ఇంతకుముందే ఎవరో తవ్వి పూడ్చినది. ఆ సంగతి పాత నివేదికలో స్పష్టంగా ఉంది. నేను చదవలేదు. చదవనక్కర్లేదన్నది మా పెద్దసారు. మూడు నెలలు పోయాయి, ఈ ఏడు రావలసిన ఉద్యోగమూ పోయింది. ఇకముందు తవ్వేవారికి తెలియాలని ఈ చీటీ.”

తేదీ ముప్పై ఏళ్ల కిందటిది. సంతకం చూసి ఆమె తలెత్తింది.

“సార్, ఇది మీ సంతకం!”

“అవును.”

“ఇందులో ఏమీ లేదని తెలిసే నన్ను దింపారా? నేనేం చేశాను మీకు?”

అప్పుడూ ఇప్పుడూ తెలిసే ఊరుకున్న మేస్త్రి తల దించుకున్నాడు.

“నువ్వేం చేయలేదు తల్లీ.” డైరెక్టర్ నింపాదిగా ఫ్లాస్కు మూత బిగించాడు.

“ఇంటికెళ్లి మీ నాన్నగారితో చెప్పు, బాకీ తీరిందని.”